సైగలక్క కుర్చీ ఎక్కిన సంగతి

యార్డులో ఆవిడని అందరూ సైగలక్క అనేవాళ్ళు. వయసులో ఆవిడకంటే పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలిచేవాళ్ళు. ఆవిడ పని ఒకటే. నేలమీద నిలబడి, ఎనభై అడుగుల ఎత్తున క్రేన్ గదిలో కూర్చున్న మనిషికి చేతులతో చెప్పడం. ఎత్తు, దించు, కుడికి, ఎడమకి, నెమ్మది, ఆపు. పైనున్న మనిషికి హుక్కు కనిపిస్తుంది గాని, హుక్కుకీ నేలకీ మధ్య ఎంత జాగా ఉందో తెలియదు. మోటారు మోతలో కేకలు వినపడవు. వాకీటాకీలు ఇచ్చారు గాని, అవి సరిగ్గా అవసరమైనప్పుడే గరగరలాడేవి. అందుకని చేతులే దిక్కు.

రైల్లో వచ్చిన సిమెంటు పైపులు, ఇనప దూలాలు ఆ యార్డులో దిగి, లారీలెక్కి పోతుండేవి. ఆవిడ మొదట అక్కడ ఊడ్చే పనికి చేరింది. ఒకరోజు పొద్దున యార్డు చివర నిలబడి, గోనెపట్టా దులపడానికి రెండు చేతులూ బార్లా చాచింది. క్రేన్ ఆగిపోయింది. రెండు చేతులూ చాచడమంటే ఆ యార్డులో 'ఆపు' అని అర్థం. క్రేన్ ఆపరేటరు నూట పన్నెండు మెట్లూ దిగొచ్చి, ఎందుకు ఆపావని అడిగాడు. గోనెపట్టా దులుపుతున్నానంది. ఆయన మళ్ళీ నూట పన్నెండు మెట్లూ ఎక్కాడు.

మర్నాడు ఆయన సూపర్‌వైజరు దగ్గరికెళ్ళి, ఇప్పుడున్న సైగల మనిషి చేతులు చూస్తుంటే పిండి పిసుకుతున్నట్టుంది, ఆ ఊడ్చే ఆవిడ చేతులైతే కనీసం కనిపిస్తున్నాయి అన్నాడు. వారం తిరక్కుండా ఆవిడకి పచ్చకోటు, టోపీ ఇచ్చారు.

పనిలో పెట్టిన రోజునే ఆపరేటరు ఒక మాట చెప్పాడు. "చెప్పాల్సింది లేనప్పుడు చేతులు వెనక్కి పెట్టుకో. ఊరికే ఉన్న చెయ్యి కూడా ఏదో ఒకటి చెబుతుంది."

ఆవిడ ఆ మాట పట్టుకుంది. పని లేనప్పుడల్లా రెండు చేతులూ నడుం వెనక చేర్చి, ఒకదాన్ని ఒకటి పట్టుకుని నిలబడేది. దోమ కుట్టినా కదిలేది కాదు. చేరిన ఏడాది ఒకసారి, దూలం గాల్లో ఉండగా ముక్కు దురద పెట్టింది. పద్ధతిగా 'ఆపు' అని సైగ చేసి, ముక్కు గోక్కుని, పద్ధతిగా 'ఎత్తు' అంది. ఆరోజు రిజిస్టరులో, ఒక నిమిషం ఆలస్యం, కారణం ముక్కు, అని రాసి ఉంది. రాసింది ఆవిడే.

మూడేళ్ళు గడిచాక ఆ ఆపరేటరు ఆవిడని పెళ్ళి చేసుకుంటానని అడిగాడు. క్రేన్ దిగకుండా, వాకీటాకీలో అడిగాడు. అది గరగరలాడింది. పెళ్ళి అన్న ముక్క వినపడింది గాని, ఎవరిదో తెలియలేదు. ఆవిడ పైకి చూసి 'నెమ్మదిగా దించు' అని సైగ చేసింది. ఆయన హుక్కు దించాడు. ఆవిడ మళ్ళీ అదే సైగ చేసింది. అప్పుడు అర్థమై తనే దిగొచ్చాడు.

పెళ్ళయ్యాక ఇంట్లోనూ చేతులే నడిచాయి. టీ చాలు, గిన్నె కాస్త ఇటు జరుపు, తలుపు వెయ్యి, ఇలాంటివాటికి వాళ్ళు నోరు తెరిచేవాళ్ళు కాదు. మొదట్లో అత్తగారు, కొడుకూ కోడలూ దెబ్బలాడుకున్నారనుకుంది. నెల గడిచినా గొడవ తీరకపోయేసరికి కోడల్ని వంటింట్లోకి పిలిచి నిలదీసింది.

"ఏమ్మా, వాడితో మాట్లాడవా?"

"మాట్లాడుతూనే ఉన్నానత్తయ్యా."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. కూరలో ఉప్పు ఎక్కువైందన్నారు."

అత్తగారు వెళ్ళి కూర రుచి చూసింది. ఎక్కువైంది.

అలా ఆవిడ సైగల పనిలో చేరి ఇరవై నాలుగేళ్ళు గడిచాయి. ఆయన పైన, ఆవిడ కింద. ఆయన మోకాళ్ళు అరిగాయి. మెట్లెక్కడానికి పావుగంట పట్టేది, మధ్యలో రెండుచోట్ల ఆగేవాడు. ఎందుకాగావని ఎవరైనా అడిగితే, రైలు వస్తుందేమో చూస్తున్నానని చెప్పేవాడు.

ఆ ఏడు సూపర్‌వైజరు అందర్నీ షెడ్డులోకి పిలిచి, ఒక కాగితం చదివాడు. ఇకమీదట క్రేన్ నడపడానికి క్రేన్ ఎక్కక్కర్లేదట. గదిలో కూర్చుని చేతులూపితే చాలట. కాగితం మడిచి, ఇందులో నాకూ తెలిసింది ఇంతే, మిగతాది ఈ అమ్మాయి చెబుతుంది, అని పక్కకి తప్పుకున్నాడు.

ఆ అమ్మాయి ఇంజినీరు. ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. నాలుగు నల్ల పెట్టెలు తెచ్చింది. ఒక్కో పెట్టెలో ఒక్కో హెడ్‌సెట్. పెద్ద కళ్ళజోడులా ఉంటుంది, తలకి పట్టీ బిగించుకోవాలి. పెట్టుకుంటే కళ్ళముందు గది మాయమై యార్డు కనిపిస్తుంది. దూరంగా ఉన్న పైపువైపు చెయ్యి చూపిస్తే, చేతిలోంచి సన్నటి నీలం గీత బయల్దేరి పైపు దాకా పోతుంది. తగలగానే పైపు మెరుస్తుంది. అప్పుడు బొటనవేలూ చూపుడువేలూ కలిపి చిటికెడు పట్టినట్టు పడితే, పైపు మన పట్టులోకి వచ్చినట్టు. చెయ్యి పైకెత్తితే అక్కడ అది లేస్తుంది, పక్కకి జరిపితే జరుగుతుంది. ముందు నెల్లాళ్ళూ బొమ్మ యార్డులో సాధన చెయ్యాలి. అందులో ఏం పడినా, ఏం విరిగినా బొమ్మే కాబట్టి ఎవరికీ నష్టం లేదు.

ఆపరేటర్లు నలుగురు. అందరికంటే పెద్దవాడని సైగలక్క మొగుడిని మొదట కూర్చోబెట్టారు. ఆయనకి పని చేస్తూ మాట్లాడే అలవాటు, మాట్లాడుతూ చేతులు తిప్పే అలవాటు. ఇరవై నాలుగేళ్ళు ఆ చేతుల్లో లీవర్లు ఉన్నాయి గనక ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు చేతులు ఖాళీ అయ్యాయి. ఇది లీవరులా లేదే అని అంటూ, అన్నప్పుడల్లా చెయ్యి విసిరాడు. పదకొండు నిమిషాల్లో పధ్నాలుగు పైపులు, రెండు లారీలు, సూపర్‌వైజరు ఆఫీసు గది పోయాయి. గదిలో నేనున్నానా అని సూపర్‌వైజరు అడిగాడు. బొమ్మలో ఇంకా మనుషుల్ని పెట్టలేదండీ అంది ఇంజినీరమ్మాయి.

రెండో ఆపరేటరుకి మీసాలున్నాయి. ఆలోచన వచ్చినప్పుడల్లా కొస మెలిపెడతాడు. మెలిపెట్టినప్పుడల్లా బొటనవేలూ చూపుడువేలూ కలుస్తాయి, ఎదురుగా ఏముంటే అది పట్టులోకి వస్తుంది. ఆయన ఆలోచనాపరుడు. మూడో ఆయన ఆవలించి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేసరికి పైపొకటి ఎగిరొచ్చి మొహం మీద పడ్డట్టనిపించి కుర్చీలోంచి వెనక్కి పడ్డాడు. ఇదంతా చూసి, నావల్ల కాదని నాలుగో ఆయన చేతులెత్తేశాడు. అప్పటికి ఆయన పట్టులో ఉన్న దూలం కూడా వాటితోపాటు లేచింది.

ఇంజినీరమ్మాయి కంప్యూటరు మూసి, గోడకి ఆనుకుని కూర్చుంది. చెయ్యి ఎటు చూపిస్తోందో, వేళ్ళు ఎప్పుడు కలిశాయో పట్టుకోవడం యంత్రానికి వచ్చేసింది. రానిదల్లా ఒక్కటే. ఏ చెయ్యి ఆజ్ఞ ఇస్తోందో, ఏ చెయ్యి ఊరికే చెయ్యిలా ఉందో దానికి తెలియడం లేదు. ఆ పిల్ల ఎనిమిది నెలలుగా దీనిమీదే ఉంది. కాలికింద మీట పెట్టి చూసింది, నోటితో మాట చెప్పించి చూసింది. మీట తొక్కడం మర్చిపోతారు, మాట మర్చిపోరు గాని ఎప్పుడు పడితే అప్పుడు అంటారు.

సైగలక్క దగ్గరికి ఆ అమ్మాయి వచ్చింది ఇందుకు కాదు. పాత సైగలేమిటో నమూనాకి రికార్డు చేసుకోవాలని వచ్చింది. హెడ్‌సెట్ తగిలించి, 'ఎత్తు' చూపించమంది. చూపించింది. 'దించు', 'కుడికి', అన్నీ చూపించింది. ఇప్పుడు కాసేపు ఏం చెయ్యకుండా ఉండండి, నేను కొలతలు సరిచూసుకుంటాను అంది అమ్మాయి. సైగలక్క రెండు చేతులూ నడుం వెనక్కి పెట్టుకుంది.

హెడ్‌సెట్‌కి ముందువైపు చిన్న కెమెరాలున్నాయి, చేతుల్ని చూసేవి అవే. వెనక్కి పెట్టిన చేతులు వాటికి కనపడవు. నీలం గీత ఆరిపోయింది. ఏడు నిమిషాలసేపు బొమ్మ యార్డులో ఏ వస్తువూ కదల్లేదు. ఆ అమ్మాయి తెరవంక చూసి, యంత్రం పాడైందేమోనని వైర్లు ఊడదీసి మళ్ళీ పెట్టింది.

"ఇబ్బందిగా ఉందా అక్కా?"

"లేదమ్మా. ఏం చెయ్యొద్దన్నావు కదా."

ఆ అమ్మాయి నోటుపుస్తకం తీసింది. ఎప్పుడూ ఇలాగే నిలబడతారా అని అడిగింది. పని లేనప్పుడు అంది సైగలక్క. ఎన్నేళ్ళనుంచి అంది. ఇరవై నాలుగు. మరి ముక్కు దురద పెడితే అంది. ముందు ఆపు అని చెప్పి, అప్పుడు. ఆ అమ్మాయి అన్నీ రాసుకుంది. ముక్కు సంగతి రాసి, దాని కింద రెండు గీతలు గీసింది.

మరో రెండు రోజులు సైగలక్కని బొమ్మ యార్డులో కూర్చోబెట్టింది. మొదటిరోజు ఏదీ కదల్లేదు. ఎందుకంటే ఆవిడ పైపుని పట్టుకోవడం మానేసి, వేలు పైకి పెట్టి గుండ్రంగా తిప్పుతూ, ఎవరైనా ఎత్తుతారేమోనని చూస్తోంది. ఎత్తేది మీరే అక్కా అని ఆ అమ్మాయి చెప్పాల్సొచ్చింది. రెండోరోజు సాయంత్రానికి ఆవిడ పధ్నాలుగు పైపుల్నీ లారీలకెక్కించి, మొగుడు కూల్చిన ఆఫీసు గది ఎదురుగా ఉన్న చెత్త కూడా తీసేసింది.

ఒక ఫిర్యాదు మాత్రం చెప్పింది. నాలుగు టన్నుల పైపూ, ఖాళీ హుక్కూ చేతికి ఒకేలా ఉన్నాయి. ఇలాగైతే పైపుని టీ గ్లాసులా ఊపేస్తారు, మంచిది కాదు అంది. ఆ అమ్మాయి వారంరోజులు కూర్చుని దాన్ని మార్చింది. వస్తువు ఎంత బరువైతే అంత నింపాదిగా చెయ్యి వెనక వచ్చేలా చేసింది. సైగలక్క మళ్ళీ పెట్టుకుని చూసి, ఇప్పుడు భుజం నొప్పెడుతోంది, ఇది బాగుంది అంది.

నెల తిరిగేసరికి కాగితం వచ్చింది. రెండో నంబరు క్రేన్‌కి ఆపరేటరు సైగలక్క. గదిలో కుర్చీ, హెడ్‌సెట్, ఒక బల్ల. అదే కాగితంలో కింద ఇంకో వాక్యం ఉంది. భద్రతా నియమాల ప్రకారం నేలమీద సైగల మనిషి ఉండి తీరాలి గనక, మోకాళ్ళ దృష్ట్యా, ఇప్పటిదాకా ఆ క్రేన్ నడిపిన ఆపరేటరుని ఆ పనిలో వేస్తున్నాం. సూపర్‌వైజరు రెండు వాక్యాలూ ఒకే ఊపిరిలో చదివి, టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

ఆరోజునుంచి తొమ్మిది రోజులు వాళ్ళాయన ఆవిడతో ఒక్క మాటా మాట్లాడలేదు. మాట అంటే వాళ్ళింట్లో సైగ. జేబుల్లోంచి చేతులు తియ్యలేదు. తినడానికి తీసేవాడు, తినగానే పెట్టేసుకునేవాడు. ఆరోరోజు అత్తగారు కోడల్ని అడిగింది. "వాడు జేబుల్లో ఏం వెతుక్కుంటున్నాడే?"

సైగలక్కకి కోపం రాలేదనడం అబద్ధం. అడిగి తెచ్చుకున్న కుర్చీ కాదు అది. అలాగని ఇచ్చిన కుర్చీని వద్దనేంత మంచితనం కూడా తనలో లేదని ఆవిడకి తెలిసింది. గదిలో కూర్చుని, దూరాన ఉన్న దూలం తన వేళ్ళకి కదిలి వస్తుంటే, ఒంట్లో ఏదో సర్దుకున్నట్టుండేది. అన్నేళ్ళూ ఎవరికో చెప్పి చేయించిన పని అది. ఇంటికి రాగానే ఆ సంతోషాన్ని చెప్పులతోపాటు గుమ్మం బయట వదిలేసేది.

పదోరోజు ఆయన బట్టలు ఇస్త్రీ చేసుకుంటున్నాడు. చేతులు బయటే ఉన్నాయి.

"ఆ కుర్చీ ఎలా ఉంటుంది?" అన్నాడు.

"మెత్తగా ఉంటుంది."

"నడుం?"

"లాగేస్తోంది. సాయంత్రానికి నిలబడలేకపోతున్నా."

ఆయన చొక్కా తిరగేసి రెండోవైపు ఇస్త్రీ చేశాడు. ఆ జవాబుతో ఆయనకి కొంత హాయిగా ఉన్నట్టు ఆవిడకి కనిపించింది. చొక్కా మడతపెడుతూ, ఆ సైగలు నాకు సరిగ్గా రావు, నేర్పుతావా అని అడిగాడు.

ఇరవై నాలుగేళ్ళు సైగలు చదివిన మనిషికి సైగలు చెయ్యడం రాకపోవడమేమిటని ఎవరైనా అనుకోవచ్చు. నిజంగానే రాలేదు. ముందుగదిలో సాధన మొదలుపెట్టారు. ఆయన గుమ్మం దగ్గర నిలబడి సైగ చెయ్యాలి, ఆవిడ ప్లాస్టిక్ కుర్చీని ఆ ప్రకారం జరపాలి. ఆయన మనసులో ఏముందో ఆవిడకి తెలుసు. అయినా చేతులు ఏం చెప్పాయో అదే చేసింది, ఒక్క అంగుళం దయ చూపలేదు. టీవీ దగ్గరికి పోవాల్సిన కుర్చీ స్నానాలగది తలుపుకి అడ్డం పడింది. లోపల అత్తగారుంది. బయటికి రావడానికి తలుపు తోస్తే రాలేదు. ఏం జరుగుతోందని లోపలినుంచే అడిగింది. 'ఎడమకి' అన్న సైగ సరిగ్గా కుదిరేదాకా అత్తగారు లోపలే ఉంది. కుదరడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

మూడు వారాలకి ఆయన పచ్చకోటు వేసుకుని నేలమీద నిలబడ్డాడు. పని నడిచింది. ఆవిడ గదిలో హెడ్‌సెట్ పెట్టుకుని చూస్తే, క్రేన్ కెమెరాల్లోంచి ఆయన బొటనవేలంత కనిపించేవాడు. చెప్పాల్సింది చెప్పి, చేతులు వెనక్కి పెట్టుకుని, తలెత్తి కెమెరా వంక చూస్తుండేవాడు. ఆయన నడినెత్తిన జుట్టు ఎంత పలచబడిందో ఒకరోజు టోపీ తీసి తుడుచుకుంటుంటే ఆవిడకి మొదటిసారి తెలిసింది. ఎత్తునుంచి ఆయన్ని చూడాల్సిన అవసరం అంతకుముందు రాలేదు.

ఆరునెలలు అలా సాఫీగా జరిగాక పెద్దాఫీసుకి ఒక ఆలోచన వచ్చింది. నేలమీది మనిషి చేతుల్ని కెమెరా ఎలాగూ చూస్తోంది. సైగలు ఎలాగూ యంత్రానికి నేర్పారు. అలాంటప్పుడు ఆ సైగ చూసి క్రేన్ తనే కదిలితే పోదా, మధ్యలో కుర్చీలో మనిషెందుకు? సూపర్‌వైజరు ఇంజినీరమ్మాయిని అడిగితే, వంద సైగల్లో తొంభై ఎనిమిది యంత్రం సరిగ్గా చదువుతోందంది. మిగతా రెండూ అని అడిగితే, వాటి గురించే భయపడుతున్నానంది. ఆ రెండో ముక్క పెద్దాఫీసు చేరలేదు.

చూపించే రోజు పెట్టారు. పెద్దాఫీసునుంచి ఐదుగురు వచ్చారు. టోపీలకి అంటించిన ధర చీటీలు ఇంకా ఊడలేదు. గదిలో పెద్ద తెర పెట్టి, వాళ్ళని ముందు కూర్చోబెట్టారు. సైగలక్కని కుర్చీలో హెడ్‌సెట్‌తో ఉండమన్నారు. ఆవిడ పని ఏమీ చెయ్యకుండా ఉండడం. మరీ ప్రమాదమనిపిస్తే రెండు చేతులూ చాచాలి, క్రేన్ ఆగిపోతుంది. అంత అవసరం రాదని సూపర్‌వైజరు రెండుసార్లు చెప్పాడు. రెండోసారి కళ్ళల్లోకి చూసి చెప్పాడు.

కింద వాళ్ళాయనకి కెమెరాకి బాగా కనపడాలని నారింజరంగు చేతితొడుగులు ఇచ్చారు. ఆయన వేలు పైకి పెట్టి తిప్పాడు. నాలుగు టన్నుల పైపు లేచింది. కుడికి అన్నాడు, కుడికి పోయింది. కుర్చీలో ఉన్నావిడ చేతులు కదలకుండానే అంతా జరగడం తెరమీద చూసి ఐదుగురూ చప్పట్లు కొట్టారు. పైపుని పెట్టాల్సిన చెక్కదిమ్మల పైకి, పదిహేనడుగుల ఎత్తున తెచ్చి, ఆయన 'ఆపు' అన్నాడు. ఆగింది.

అప్పుడు పదకొండైంది. యార్డులో ఒక కుక్క ఉంది. రోజూ పదకొండింటికి వస్తుంది, ఒకసారి చుట్టూ తిరిగి చూస్తుంది, నీడ చూసుకుని పడుకుంటుంది, నాలుగింటికి వెళ్ళిపోతుంది. అందుకని దాన్ని అందరూ మేనేజరు అంటారు. ఆరోజు అది వచ్చి, సరిగ్గా ఆ రెండు దిమ్మల మధ్యా, పైపు నీడలో పడుకుంది.

ఆయన చూశాడు. పైపు ఆగే ఉంది కదా, కుక్కని తోలేసి వద్దామని నాలుగడుగులు వేశాడు. ఒంగి, అరచెయ్యి నేలవైపు పెట్టి, కిందికి కిందికి ఆడించి, హుష్ అన్నాడు.

అరచెయ్యి నేలవైపు పెట్టి కిందికి ఆడిస్తే 'దించు' అని అర్థం. తెరమీద నీలం అక్షరాల్లో దించు అని పడింది. పైపు దిగడం మొదలుపెట్టింది. ఆయన ఒంగి ఉన్నాడు, పైకి చూడలేదు. కుక్క లేవలేదు. ఆయన మళ్ళీ, ఇంకాస్త గట్టిగా, అదే సైగ చేశాడు.

హెడ్‌సెట్‌లో సైగలక్కకి ఇదంతా బొటనవేలంత బొమ్మగా కనిపిస్తోంది. నీలం అక్షరాలు ఆవిడకీ కనిపించాయి. వెనకాల ఐదుగురున్నారు. నిజంగానే దించమంటున్నాడేమో, ఊరికే ఆపితే ఇంతమంది ముందు ఏమవుతుందో అన్న ఆలోచన వచ్చిన మాట నిజమే, ఆ సంగతి తర్వాత ఆవిడే ఒప్పుకుంది. ఆ ఆలోచన పూర్తి కాకముందే చేతులు ముందుకొచ్చి బార్లా చాచుకున్నాయి.

పైపు ఆగింది. ఆయన నడుం నిఠారు చేసుకుని లేవబోయాడు. టోపీ పైపుకి తగిలి టక్కుమంది. తలెత్తి చూశాడు. ఆ తర్వాత కెమెరా వంక చూశాడు. మెల్లగా ఒంగి బయటికొచ్చి, రెండు చేతులూ నడుం వెనక్కి పెట్టుకున్నాడు. కుక్క తనకి తోచినప్పుడు లేచి వెళ్ళింది.

గదిలో టోపీవాళ్ళలో పెద్దాయన అడిగాడు. "ఎందుకాపావమ్మా? దించమనే కదా ఆయన చెప్పింది. అక్కడ రాసి కూడా ఉంది."

"ఆయన చెప్పింది క్రేన్‌కి కాదండీ. కుక్కకి."

"నీకెలా తెలుసు?"

"నాతో మాట్లాడేటప్పుడు ఆయన నావైపు చూస్తారండీ."

ఆ పెద్దాయన ఇంజినీరమ్మాయి వైపు తిరిగి, దీన్ని యంత్రంలో పెట్టడానికవుతుందా అని అడిగాడు. మొహం ఎటు తిరిగిందో కొలవొచ్చు సార్, కానీ అక్క చెబుతున్నది అదొక్కటే అని నేననుకోవడం లేదు అందా పిల్ల. టీ వచ్చింది. అందరూ తాగారు. సైగలక్క గ్లాసు అందుకోలేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకునే ఉంది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆవిడ నోరు తెరిచి మాట్లాడింది. పావుగంట ఆపకుండా మాట్లాడింది. అత్తగారు టీవీ కట్టేసి మరీ వింది. ఇరవై నాలుగేళ్ళ సర్వీసు ఉన్నవాడు వేలాడే బరువు కిందికి వెళ్తాడా, పొద్దున చేరినవాడు కూడా వెళ్ళడు, కుక్కకున్నపాటి జ్ఞానం కూడా లేదా, అంటూ వరసపెట్టి కడిగేసింది. ఆయన మధ్యలో ఒక్కసారి, కుక్క ఉంటేనూ అనబోయాడు.

"కుక్క సంగతి కుక్క చూసుకుంది," అంది.

తప్పే అన్నాడాయన. ఆ తర్వాత ఆవిడ ఏడ్చిందని అత్తగారు చుట్టుపక్కల అందరికీ చెప్పింది. ఉల్లిపాయలు తరుగుతున్నానని సైగలక్క వాదన. అప్పుడు దాని చేతిలో ఉన్నది బంగాళాదుంప అని అత్తగారి వాదన. ఇది ఇప్పటికీ తేలలేదు.

సూపర్‌వైజరు రిపోర్టు రాశాడు. పదకొండు గంటల మూడు నిమిషాలకు మేనేజరు బరువు కింద పడుకుని ఉండగా, అని మొదలుపెట్టాడు. ఎన్నిసార్లు లేపినా లేవలేదని కూడా రాశాడు. పెద్దాఫీసులో రెండు రోజులు కలకలం రేగింది. ఏ మేనేజరు, ఎందుకు పడుకున్నాడు, సెలవు పెట్టాడా అని వరసగా ఫోన్లు. చివరికి కుక్క ఫోటో జతచేసి పంపించారు. ఆ ఫోటో ఎవరి బల్లమీద ఏ నిర్ణయానికి దారి తీసిందో తెలియదు గాని, కుర్చీలో మనిషిని తీసేసే ఆలోచన తదుపరి ఉత్తర్వుల దాకా వాయిదా వేస్తున్నామని కాగితం వచ్చింది. తదుపరి ఉత్తర్వులు ఇంతవరకూ రాలేదు. ఇంజినీరమ్మాయి ఇంకో యార్డుకి వెళ్ళిపోయింది. అక్కడ కూడా ఆపరేటర్లకి మొదటివారం హెడ్‌సెట్ ఇవ్వకుండా, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడడం నేర్పుతోందట. జనం తిట్టుకుంటున్నారని ఫోన్‌లో చెప్పింది.

మరో పధ్నాలుగు నెలలకి వాళ్ళాయన రిటైరయ్యాడు. ఆఖరిరోజు మధ్యాహ్నం పనేమీ లేదు, రైలు ఆలస్యం. ఆయన గదిలోకి వచ్చి, కోటు, టోపీ బల్లమీద పెట్టాడు. ఎక్కడ సంతకం చెయ్యాలో చేశాడు. వెళ్ళకుండా నిలబడ్డాడు. బొమ్మ యార్డు కూల్చిన రోజు తర్వాత ఆయన ఆ హెడ్‌సెట్ ముట్టుకోలేదు. సైగలక్క కుర్చీలోంచి లేచి, దాన్ని తీసి ఆయనకి పెట్టి, పట్టీ బిగించింది. చేతులూపినా క్రేన్ కదలకుండా మీట కట్టేసింది. ఊరికే చూడమంది.

ఆయన తల మెల్లగా అటూ ఇటూ తిప్పాడు. పైనుంచి యార్డంతా, పట్టాలు, లారీలు, షెడ్డు రేకులు. ఎనభై అడుగుల ఎత్తు. చాలాసేపు చూశాడు.

"ఎలా ఉంది?" అంది.

"అంతా అలాగే ఉంది. గాలి ఒక్కటే లేదు."

మూలన స్టూలు మీద ఉన్న టేబుల్ ఫ్యాను ఆవిడ తెచ్చి, బల్లమీద ఆయన మొహానికి ఎదురుగా పెట్టింది. స్విచ్చి వేసింది. ఇంకాస్త అన్నాడు. స్పీడు పెంచింది. బల్లమీది హాజరు కాగితాలు ఎగిరి గదంతా పడ్డాయి. ఆయనకి అవి కనపడలేదు. ఆవిడ ఒక్కొక్కటీ ఏరి, తేదీల వరసలో పెడుతూ, రైలు వచ్చేదాకా ఆయన్ని కూర్చోనిచ్చింది.